నీళ్ల బటనుకు వారసత్వ హోదా

ఒక బటను కోసం నిక్షేపంలాంటి కారును చంపేశామని మా కార్యాలయం మీద ఒక నింద ఉంది. అది నిజం కాదు. మేం ఏం చేసినా నిబంధనల ప్రకారమే చేశాం. అక్కడ జూనియర్ అసిస్టెంటుగా పనిచేస్తూ మొదటినుంచి చివరిదాకా చూసినవాణ్ని కాబట్టి, జరిగింది జరిగినట్టు చెప్పడం నా ధర్మం. నా పేరు లింగమూర్తి.

అసలు ప్రభుత్వానికి ఒకే వారంలో రెండు ఆలోచనలు వచ్చాయి. పాత బండ్లు ప్రమాదం, కాబట్టి కాలం తీరినవాటినన్నిటినీ తుక్కు చేయాలన్నది మొదటిది. పాత బండ్లు మన వారసత్వం, కాబట్టి కాలం తీరినవాటినన్నిటినీ కంటికి రెప్పలా కాపాడాలన్నది రెండోది. రెండూ గొప్ప ఆలోచనలే కావడంతో రెండింటినీ అమలు చేయమన్నారు. ఏది తుక్కో, ఏది వారసత్వమో తేల్చడానికి పుట్టిందే మా పురాతన వాహన పరిరక్షణ సంస్థ. జిల్లా కేంద్రంలో ఒకప్పుడు వేరుశనగ విత్తనాలు దాచిన గోదాము మాకు ఇచ్చారు.

సంస్థలో రెండు విభాగాలు. తయారైన నాడు ఎలా ఉందో బండి నేటికీ అలాగే ఉందా అని చూసేది యథాతథ విభాగం. రోడ్డు మీద తిరగడానికి అందులో అన్నీ సరిగ్గా పనిచేస్తున్నాయా అని చూసేది క్షేమ విభాగం. ఇద్దరు అధికారులూ సంతకం పెడితే బండికి వారసత్వ పత్రం వస్తుంది. ఏ ఒక్కరు పెట్టకపోయినా తుక్కు.

యథాతథ విభాగానికి పరాంకుశం గారు వచ్చారు. క్షేమ విభాగానికి ఎవరూ రాలేదు. కాబట్టి ఆ పదవి కూడా పూర్తి అదనపు బాధ్యతలతో పరాంకుశం గారికే ఇచ్చారు.

ఇంకొకరైతే ఒకే కుర్చీలో కూర్చుని రెండు సంతకాలూ గీకేసేవారు. మా సారు అలాంటివారు కాదు. గోదాముకు ఆ చివరొక బల్ల, ఈ చివరొక బల్ల వేయించారు. మధ్యన బీరువాలు అడ్డం పెట్టించారు. ఉదయం పూట యథాతథ కుర్చీలో కూర్చుంటారు. మధ్యాహ్నం భోజనం కాగానే బయటికి వెళ్లి, వెనక తలుపు గుండా వచ్చి క్షేమ కుర్చీలో కూర్చుంటారు. ఈ బల్ల మీది ఫైలు ఆ బల్లకు నేను మోయాలి. ఒకసారి తొందరపని పడి, ఆయనే లేచి ఫైలు పట్టుకుపోతే సరిపోతుంది కదా అన్నాను.

"లింగమూర్తీ, ఒక అధికారి మరో అధికారిని ప్రభావితం చేయరాదు. నన్ను నేను నేరుగా కలవడం నైతికంగా సమంజసం కాదు" అన్నారు. అప్పటినుంచి ఆయనంటే నాకు గౌరవం రెట్టింపైంది. రెండు పదవులకూ చెరొక వంతు.

అలాంటి కార్యాలయానికి ఒక ఉదయం డాక్టర్ సుగుణమ్మ గారు తన కారేసుకుని వచ్చారు.

మా జిల్లాలో నాపరాళ్లకు పేరుపడ్డ ప్రాంతం ఉంది. అక్కడి మిషన్ ఆసుపత్రిలో ఆమె తలనెరిసేదాకా పనిచేశారు. ఆసుపత్రి మూతపడ్డప్పుడు దాని కారును ఆమెకిచ్చి సాగనంపారు. లేత నీలం రంగు, గుండ్రటి ముక్కు, లోపల తోలు వాసన. గనుల దగ్గరి కాలనీల్లో ఏ ఆడమనిషికి నొప్పులొచ్చినా ఆ కారు వెళ్లాల్సిందే. రిటైరై ఇన్నేళ్లయినా ఆమెను ఎవరూ రిటైరు కానివ్వలేదు.

సారు యథాతథ అధికారిగా కారు చుట్టూ ప్రదక్షిణం చేశారు. దీపాలు ముట్టుకుని చూశారు. సీటు వాసన చూశారు. ఆయన ముఖం వెలిగిపోయింది.

"అద్భుతం! అణుమాత్రం మార్పు లేదు. ఇది వాహనం కాదమ్మా, చరిత్ర."

"చరిత్రో ఏమోగానీ నాయనా, దీన్ని తుక్కు చేయకుండా ఒక కాగితమిస్తే చాలు. నాకు కాలనీలకు పోవాల" అన్నారు డాక్టరమ్మ.

భోజనం అయ్యాక సారు వెనక తలుపు గుండా వచ్చి, కారును మొదటిసారి చూస్తున్నవాడిలా చూశారు. బ్రేకు బాగుంది. హారను బాగుంది. డాష్‌బోర్డు మీద నల్లటి బటనొకటి కనపడింది. దాన్ని బొటనవేలితో నొక్కితే వెనకున్న రబ్బరు బుడ్డ నలిగి, బానెట్ కింది సీసాలోంచి నీళ్లు చిమ్మి ముందద్దం మీద పడాలి. వైపరు ఆ నీళ్లతో అద్దం తుడవాలి. సారు నొక్కారు. బటను లోపలికి పోయింది. నీళ్లు రాలేదు. బటను కూడా మళ్లీ బయటికి రాలేదు.

"రబ్బరు ఎండి పగిలిపోయింది నాయనా. ఇప్పుడట్లాంటివి దొరకవు. నేను దిగి చెంబుతో పోసుకుంటా" అన్నారామె.

"అద్దం కడుగు వ్యవస్థ నిష్క్రియం. ప్రయాణ క్షేమానికి విఘాతం. తిరస్కరించడమైనది" అన్నారు సారు.

మాటవరసకు చెబుతున్నాను గానీ, ఆ ప్రాంతంలో అద్దం కడగడం చిన్న విషయం కాదు. రాయి పాలిష్ చేసే ఫ్యాక్టరీల పొడి గాలినిండా ఉంటుంది. లారీలు తొక్కిన తడి పొడి అద్దం మీద పడితే సున్నం కొట్టినట్టే. చేతిగుడ్డతో పోదు.

డాక్టరమ్మ కారును వాళ్ల ఊరి మెకానిక్ ఖాజావలి దగ్గరికి తీసుకెళ్లారు. ఖాజావలి నోరు పెద్దది, చెయ్యి దానికంటే వేగం. తన షెడ్డుకొచ్చిన ఏ బండినీ వచ్చినట్టు పంపడం అతనికి పరువు తక్కువ. డాక్టరమ్మ బీపీ చూసే మిషను కనపడగానే దాని రబ్బరు బంతి పీకేసి, బటను వెనక బిగించేశాడు.

"నొక్కు డాక్టరమ్మా, నొక్కి సూడు! కారుకు బీపీ ఎక్కి నీళ్లు కక్కాల!"

నిజంగానే కక్కింది. ఆమె మర్నాడే మా కార్యాలయానికి వచ్చారు. పొద్దునపూట వచ్చారు కాబట్టి యథాతథ అధికారి చూశారు. బటను వెనక వేలు పెట్టి తడిమి, చెయ్యి కాలినట్టు వెనక్కి లాక్కున్నారు.

"ఇదేమి? వైద్య పరికరం! మూల నిర్మాణంలో ఇది లేదు. వారసత్వంలో అపవిత్ర సంయోగం. తిరస్కరించడమైనది."

"పనిచేయడం లేదని నిన్న మీరే కదా తిప్పి పంపినారు?"

"నేను కాదు. క్షేమ విభాగాధికారి గారు."

డాక్టరమ్మ బీరువాల అటువైపు చూశారు. అక్కడ ఖాళీ కుర్చీ ఉంది. "ఆయన ఎప్పుడొస్తాడు?" అనడిగారు.

"భోజనం అయ్యాక."

ఆమె భోజనం అయ్యేదాకా కూర్చున్నారు. క్షేమ అధికారి వచ్చి బటను నొక్కి, నీళ్ల ధారను కళ్లారా చూసి, "ప్రశంసనీయం. ఆమోదించడమైనది" అన్నారు. అయితే పొద్దుటి తిరస్కారం అలాగే ఉంది. రబ్బరు బంతి తీసేసి వస్తే పొద్దున ఆమోదం, మధ్యాహ్నం తిరస్కారం. కొన్నాళ్లు ఇలాగే గడిచింది. పగిలిన రబ్బరుతో వస్తే ఒక సంతకం, బీపీ బంతితో వస్తే ఒక సంతకం. రెండు సంతకాలూ వేర్వేరు కార్ల మీద పడుతున్నట్టు లెక్క.

చివరికి ఖాజావలికి రోషమొచ్చింది. పగిలిన రబ్బరును, పాత బటనును ఎక్కడివక్కడ ముట్టుకోకుండా వదిలేశాడు. సీసా దగ్గర ఒక చిన్న కరెంటు మోటారు పెట్టాడు. డాష్‌బోర్డు అడుగున, బయటికి కనపడకుండా ఒక స్విచ్చి పెట్టాడు. వేలు తగిలిస్తే చాలు, అద్దం రెండు పక్కలా నీళ్లు జివ్వున లేచాయి.

"ఇంగ ఆ పెద్దమనిసి యా కుర్సీలో కూసున్నా తప్పు పట్టలేడు. పాతది పాతట్లే ఉండాది, కొత్తది పంజేస్తాంది" అన్నాడు.

అతనికి మా సారు సంగతి తెలియదు. పొద్దున సారు పాత బటను చూసి మురిసిపోయారు. మధ్యాహ్నం బటను నొక్కారు. నీళ్లు రాలేదు. డాక్టరమ్మ స్విచ్చి వేశారు. నీళ్లొచ్చాయి. సారు వంగి డాష్‌బోర్డు కిందికి తొంగిచూశారు.

"నీళ్లొచ్చాయి. ఆ మాట కాదనలేను. కానీ తయారీదారుడు నిర్దేశించిన బటను ద్వారా రాలేదు. ఇది అప్రకటిత స్విచ్చి. దీన్ని ప్రకటిస్తే మార్పు అవుతుంది, యథాతథ అధికారి ఒప్పుకోరు. ప్రకటించకపోతే లేనట్టే, నేను ఒప్పుకోను. విషయం సంక్లిష్టంగా ఉంది. కమిటీ వేద్దాం."

యథాతథ అధికారి, క్షేమ అధికారి సభ్యులుగా కమిటీ ఏర్పడింది. కమిటీకి అధ్యక్షుడు కావాలి కాబట్టి మూడో కుర్చీ తెప్పించాం. సమావేశం జరిగినంతసేపూ సారు మూడు కుర్చీల మధ్య తిరుగుతూనే ఉన్నారు. ఒక దశలో వాగ్వాదం ముదిరి, అధ్యక్షుడి కుర్చీలోంచి ఇద్దరినీ శాంతించమని కోరారు కూడా. తీర్మానం మాత్రం ఏకగ్రీవం.

ఆ తీర్మానంలోని మేధస్సును బయటివాళ్లు అర్థం చేసుకోలేదు. నిబంధన ఏమంటుంది? బటను నొక్కాలి. అద్దం మీద నీళ్లు పడాలి. నొక్కినందువల్లే నీళ్లు పడాలని ఎక్కడా లేదు. కాబట్టి డ్రైవరు పాత బటను నొక్కుతారు. అదే క్షణంలో పక్క సీట్లోని మనిషి కిటికీలోంచి చెయ్యి చాపి చెంబుతో అద్దం మీద నీళ్లు పోస్తాడు. ఆ మనిషి పేరు జల సహాయకుడు. ప్రతి వారసత్వ వాహనంలోనూ ఒక జల సహాయకుడు ఉండి తీరాలి. అప్రకటిత స్విచ్చి మీద కాగితం అంటించి ముద్ర వేయాలి.

"మరి ఆ మనిషిని యాడ తెచ్చుకునేది?" అన్నారు డాక్టరమ్మ.

"సంస్థే నియమిస్తుంది" అన్నారు సారు. అలా నేను రాష్ట్రంలో మొట్టమొదటి జల సహాయకుణ్ని అయ్యాను. నీలం చొక్కా, ఇత్తడి చెంబు, ఒళ్లో ప్లాస్టిక్ బకెట్టు. శిక్షణ కూడా ఇచ్చారు. నీళ్లు పోసే ముందు "జలం" అని గట్టిగా హెచ్చరించాలి.

వారసత్వ వాహన దినోత్సవం నాడు పాత బండ్లన్నిటితో ఊరేగింపు పెట్టాం. పత్రం ఇంకా చేతికి రాకపోయినా, అందరికీ ఆదర్శంగా డాక్టరమ్మ కారు ముందు నడవాలని, అందులో తానే కూర్చోవాలని సారు నిర్ణయించారు. వెనక సీట్లో ఆయన పూలదండతో కూర్చున్నారు. స్టీరింగు దగ్గర డాక్టరమ్మ. పక్కన బకెట్టుతో నేను.

ఊరేగింపు ఫ్యాక్టరీల రోడ్డెక్కేసరికి డాక్టరమ్మకు ఫోనొచ్చింది. అవతల ఒక మగమనిషి ఏడుస్తున్నాడు. గనుల కాలనీలో తన భార్య గంగులమ్మకు పొద్దుటినుంచి నొప్పులట, బిడ్డ కాళ్లు ముందుకొస్తున్నాయట, ఆంబులెన్సు ఎక్కడో ఇరుక్కుపోయిందట.

"వస్తాండా నాయనా. ఆమెను ముక్కద్దని చెప్పు" అని డాక్టరమ్మ కారును ఊరేగింపులోంచి పక్కకు తిప్పారు.

"అమ్మా, ఇది ఆమోదిత మార్గం కాదు" అన్నారు సారు వెనకనుంచి.

"నోర్మూసుకుని కూచో నాయనా."

సారుతో ఎవరూ అలా మాట్లాడి ఉండరు. ఆయన దండ సర్దుకుని కూర్చున్నారు.

కొంత దూరం పోయామో లేదో, ఎదురుగా ఒక టిప్పరు మమ్మల్ని రాసుకుంటూ వెళ్లింది. దాని చక్రాలు చిమ్మిన రాతి బురద మా అద్దం మీద తెర దించినట్టు పడింది. లోపల చీకటయింది. డాక్టరమ్మ నిబంధన ప్రకారం బటను నొక్కారు. నేను "జలం" అని అరిచి చెంబెడు నీళ్లు పోశాను. గాలికి సగం నా ముఖాన, సగం సారు దండ మీద పడ్డాయి. అద్దం మీద పడ్డ నాలుగు చుక్కలతో బురద ఇంకా చిక్కగా పరుచుకుంది.

"మళ్లీ పొయ్యి, లింగమూర్తీ! విధానం ప్రకారం పొయ్యి!" అని సారు కేకపెట్టారు. నేను మళ్లీ చెంబు ముంచాను.

డాక్టరమ్మ ఎడమచెయ్యి డాష్‌బోర్డు కిందికి పోయింది. కాగితం చిరిగిన చప్పుడు వినపడింది. మోటారు గుర్రుమంది. అద్దం రెండు పక్కలా నీళ్లు లేచాయి, వైపరు ఒక్క ఊపు ఊపింది. ఎదురుగా, చెయ్యి చాపితే అందేంత దూరంలో, గొర్రెల మంద రోడ్డు దాటుతోంది. మధ్యలో ఒక ముసలాయన కర్ర ఎత్తి నిలబడిపోయాడు. డాక్టరమ్మ బ్రేకు మీద నిలబడ్డారు. కారు ఆగింది. ముసలాయన మమ్మల్ని తిట్టిన తిట్లు మా చెవులకు పన్నీరులా ఉన్నాయి.

"బ్రహ్మాండం!" అన్నారు సారు. ఏ అధికారిగా అన్నారో నాకు తెలియలేదు.

కాలనీలో గంగులమ్మ గుడిసె బయట ఆడవాళ్లు గుమిగూడి ఉన్నారు. లోపలికి పోయిన డాక్టరమ్మ గొంతు తప్ప మాకేమీ వినపడలేదు. కాసేపటికి ఆమె తలుపు సందులోంచి సెలైను సీసా బయటికి చాపి, "దీన్ని ఎత్తి పట్టుకోండి, లోపల చోటు లేదు" అన్నారు. దగ్గరున్నది సారే. ఆయన ఆ సీసాను తలకంటే ఎత్తుగా పట్టుకుని ఎండలో నిలబడ్డారు. చేతులు దించలేదు. లోపల బిడ్డ ఏడుపు వినపడగానే ఆయన కళ్లవెంట నీళ్లు కారాయి. రెండు చేతులూ సీసాకే ఉండటంతో తుడుచుకోలేకపోయారు. నేను తుడిచాను. ఆయనను అంత దగ్గరగా చూడటం నాకదే మొదలు. ఆ రోజు ఆయన ఒక్క మనిషిలాగే ఉన్నారు.

మర్నాడు కార్యాలయం తెరిచాం.

పొద్దున యథాతథ అధికారి డాక్టరమ్మకు ఉత్తర్వు రాయించారు: "సంస్థ ముద్రను చించి, అప్రకటిత స్విచ్చిని వినియోగించినందున మీ వాహనాన్ని తుక్కుగా నిర్ణయించడమైనది. ఈ అపరాధానికి ప్రత్యక్ష సాక్షి క్షేమ విభాగాధికారి." మధ్యాహ్నం క్షేమ అధికారి మరో ఉత్తర్వు రాయించారు: "అద్దం కడుగు వ్యవస్థను సమర్థంగా ఉంచుకుని మూడు ప్రాణాలతోపాటు అనేక గొర్రెలను కాపాడినందున మీ వాహనానికి ఉత్తమ వాహన పురస్కారం ప్రకటించడమైనది. ఈ సేవకు ప్రత్యక్ష సాక్షి యథాతథ విభాగాధికారి." తపాలా ఖర్చు మిగులుతుందని రెండూ ఒకే కవరులో పెట్టి పంపాను.

డాక్టరమ్మ రెండు ఉత్తర్వులూ పట్టుకుని వచ్చారు. వెంట ఖాజావలి.

"నాయనా, దీన్ని నలగ్గొట్టి దండేస్తారా, దండేసి నలగ్గొడతారా? అదొక్కటి చెప్తే పోతా."

సారు మూడో కుర్చీలో కూర్చున్నారు. సమస్య ఆయన్ను నిజంగానే బాధపెట్టింది, నేను చూశాను. మజ్జిగ తాగారు. కిటికీ దగ్గర నిలబడ్డారు. ఉన్నట్టుండి తిరిగి కారును పరీక్షగా చూశారు.

"ఈ మొత్తం వాహనంలో ఏ మార్పుకూ లోనుకానిది ఏది? బటను! మోటారు పెట్టినా, స్విచ్చి పెట్టినా బటను చలించలేదు. కాబట్టి వారసత్వం బటనుది. తుక్కు మిగతాది."

"అంటే?"

"బటనును జాతి పరిరక్షిస్తుంది. తక్కినదాన్ని నలగ్గొడతాం."

డాక్టరమ్మ కారు బానెట్ మీద చెయ్యి వేసి నిలబడ్డారు. ఎన్ని వందలమంది బిడ్డలు ఆ వెనక సీట్లో మొదటి ప్రయాణం చేశారో ఆమెకు తెలుసు. ఖాజావలి స్క్రూడ్రైవరు తీసి, బటను విప్పి, సారు చేతిలో పెట్టాడు. "ఇంద సార్. జాగర్త. నొక్కితే బయటికి రాదు" అన్నాడు.

నలగ్గొట్టే యంత్రం మాత్రం అప్పటికి మాకు రాలేదు. ఇప్పటికీ రాలేదు. అయితే సంవత్సరాంతానికి ఇన్ని బండ్లు నలగ్గొట్టాలని పైనుంచి లక్ష్యం ఉంది. లక్ష్యం అందుకోకపోతే సంస్థకు అప్రతిష్ఠ. కాబట్టి నలగ్గొట్టినట్టు ధ్రువపత్రాలు ముందుగా ఇచ్చి, యంత్రం వచ్చాక నలగ్గొట్టే పద్ధతి పెట్టుకున్నాం. డాక్టరమ్మ కారుకు కూడా సారు రెండు కుర్చీల్లోనూ కూర్చుని సంతకాలు పెట్టారు. రెండు సంతకాలూ ఒకే పత్రం మీద పడటం ఆమె విషయంలో అదే మొదటిసారి.

"నలిగిపోయినట్టు రాసిచ్చినారు. మరి ఈడ నిలబడిందేంది?" అని ఆమె కారును చూపించారు.

"రికార్డుల్లో లేనిదాని గురించి సంస్థ వ్యాఖ్యానించదు" అన్నారు సారు.

ఆమె ఆ మాటను ఒకసారి తనలో తాను అనుకున్నట్టు పెదవులు కదిపారు. తర్వాత ఖాజావలి వైపు చూశారు. ఖాజావలి నవ్వాడు. ఇద్దరూ కారెక్కి వెళ్లిపోయారు. లేని కారును ఎవరు ఆపగలరు? నేనే గేటు తీశాను.

బటను ఆవిష్కరణ ఘనంగా జరిగింది. గాజు పెట్టె, ఎర్ర మఖమలు గుడ్డ, పక్కన తుపాకీ పట్టుకుని కాపలా. ముఖ్య అతిథి గారు రిబ్బను కత్తిరించి బటను నొక్కారు. అది లోపలికి పోయింది. బయటికి రాలేదు. నీళ్లూ రాలేదు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను ఒక పక్కన చెంబుతో నిలబడి ఉన్నాను, నన్ను పొయ్యమని ఎవరూ చెప్పలేదు.

ఆ వేసవిలో ఒకరోజు సారు, నేను తనిఖీకి వెళ్లి, జీపు మొరాయించడంతో ఫ్యాక్టరీల రోడ్డు పక్కన నిలబడ్డాం. రోళ్లు పగిలే ఎండ. ఆకాశంలో మబ్బు తునక లేదు. దూరంగా రాతి పొడి మేఘంలోంచి లేత నీలం రంగు కారొకటి వస్తూ కనపడింది. గుండ్రటి ముక్కు. స్టీరింగు దగ్గర నెరిసిన తల. వెనక సీట్లో కడుపు పట్టుకుని ఒక పిల్ల, ఆమె భుజం పట్టుకుని ఒక ముసలామె.

సారు ముఖంలో రంగులు మారాయి. ఆ కారును ఆపాలంటే అది ఉందని ఒప్పుకోవాలి. ఉందని ఒప్పుకుంటే, నలిగిపోయిందని తాను పెట్టిన సంతకం అబద్ధమవుతుంది. ఒకటి కాదు, రెండు సంతకాలు.

"లింగమూర్తీ, నీకేమైనా కనపడుతోందా?"

"రోడ్డు కనపడుతోంది సార్."

"అంతేనా?"

"అంతే సార్."

కారు మా దగ్గరికి వచ్చేసింది. అద్దం తెల్లగా పొడి కప్పి ఉంది. బటను తీసిన బొక్కలోనే ఖాజావలి నిగనిగలాడే కొత్త స్విచ్చి పెట్టాడని తర్వాత విన్నాను. మోటారు కూడా మార్చి పెద్దది వేశాడట. సరిగ్గా మమ్మల్ని దాటుతుండగా డాక్టరమ్మ ఆ స్విచ్చి నొక్కారు. నీళ్లు నిలువెత్తున లేచాయి. వైపరు ఊగింది. అద్దం అద్దంలా మెరిసింది. అద్దం మీద పడగా మిగిలిన నీళ్లు గాలికి కారు మీదుగా ఎగిరొచ్చి, సారు ముఖం మీద, ఇస్త్రీ చొక్కా మీద జల్లుగా పడ్డాయి.

కారు కాలనీ మలుపు తిరిగి కనుమరుగైంది. సారు జేబురుమాలు తీసి ముఖం తుడుచుకున్నారు. ఆకాశం వైపు చూశారు.

"చినుకులు మొదలయ్యాయయ్యా" అన్నారు.

"అవును సార్" అని గొడుగు విప్పి ఆయనకు పట్టాను.